ఆకాశమునందు కరోడ్గిరి

గోదావరిఖని గనులనుండి వెలువడు బొగ్గునకు ధర గలదు. ఏ తరగతి బొగ్గు టన్ను ఎంతయో సింగరేణి సంస్థ ముందుగా ప్రకటించును. వేలము వేయు బొగ్గు మాట వేరు. ప్రకటించిన ధరను మాత్రము, కొనువాని యింట పెండ్లియో చావో యని ఆరా తీసి మార్చుట లేదు. ఆ బొగ్గుతో రామగుండమున పుట్టు విద్యుచ్ఛక్తికి ధర గలదు. దానిని నిర్ణయించుటకు నియంత్రణ మండలులు గలవు; అవి లెక్కలను బయటబెట్టి, అభ్యంతరములను విని, ఉత్తరువు వెలువరించుచున్నవి. ఆ యుత్తరువు మనకు నచ్చవచ్చును, నచ్చకపోవచ్చును. పోయి అడుగుట కొక వాకిలి యైన నున్నది. రామగుండము స్టేషనులో సామాన్యపు బండికి టికెట్టు కొనువానికి ధర గలదు. ఇన్నింటికిని ధర లున్న యీ దేశమున విమానములోని కుర్చీకి మాత్రము ధర లేదు. ఉన్నది ధర కాదు, బేరము. అడిగిన గడియను బట్టి, అడిగినవాని తొందరను బట్టి, క్షణక్షణమును మారు బేరము. ఆ బేరము ముగిసిన దనుకొన్న పిమ్మట మూటకొక సుంకము, కుర్చీకొక సుంకము, అన్నమున కొక సుంకము!

"విమానము ధనికుల వాహనము, దాని కిరాయి ఎంతయైన మనకేమి?" యని పఠనమందిరములో పత్రిక ప్రక్కనబెట్టి నవ్వువారు కొంద రుందురు. ముప్పదియేండ్ల క్రిందట ఆ నవ్వునకు కొంత యర్థ ముండెడిది. నేడు లేదు. పెద్దపల్లి, జగిత్యాల, కరీంనగరము, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతములలో దుబాయికో, మస్కటుకో, రియాదుకో ఒక బిడ్డను పంపని పల్లె కనబడుట దుర్లభము. బొగ్గుబావులలో కొలువు దొరకని కార్మికుని కుమారుడు, బోరుబావి ఎండిన రైతు, మగ్గము విడిచిన నేతగాడు, వీరందరును ఎడారికి పోయి ఇండ్లు కట్టుచున్నారు, రోడ్లు వేయుచున్నారు. ఎడారికి రైలు లేదు. బొంబాయినుండి గల్ఫునకు జనులను చేరవేసిన ఓడలు ఎన్నడో నిలిచిపోయినవి. గనికార్మికునకు గనిలోనికి దిగు దారి యెట్టిదో, గల్ఫు కూలికి విమాన మట్టిది. అది విలాసము కాదు; పనికి పోవు బాట. ఆ బాటపై నిలిచి దారిసుంకము వసూలు చేయువానిని గూర్చి మాటలాడుటకు కూలివానికంటె ఎక్కువ హక్కు గలవాడెవడు?

నిజాము ప్రభుత్వకాలమున కరోడ్గిరి యను శాఖ యొకటి యుండెడిది. సంస్థానపు పొలిమేర దాటి వచ్చు సరకుపైనను, పోవు సరకుపైనను నాకాల వద్ద సుంకము గొనుట దాని పని. తాతలు చెప్పగా మనలో పలువురు వినియున్నారు. అంతకంటెను చెడ్డది గడీలలో జరిగినది. సర్కారు శిస్తు కాగితముపై స్వల్పముగనే కనబడెడిది. దానికి తోడు దొరగారి యింట పెండ్లియైన నొక నజరానా, పండుగ వచ్చిన నొక మామూలు, విత్తనపు ధాన్యమిచ్చిన దానిపై నాగు. శిస్తు ఒక్కటి, పట్టీలు పది. రైతు చెల్లించినది శిస్తు కాదు, పట్టీలే. ఈ చిల్లర వసూళ్లను మాన్పుటకే ఆంధ్రమహాసభ వేదికలపై మనవారు గొంతులు చించుకొనిరి. ఆ రోజులు పోయినవని సంతసించుచుండగా, అదే విద్య రెక్కలు తొడిగికొని మన నెత్తిమీద ఎగురుచున్నది.

ఈ విద్యకు సర్కారు ముద్ర పడినది 2013లో. ఆ యేట పౌరవిమానయాన డైరెక్టరేటు జనరలువారు, టికెట్టు కిరాయి వేరు, కొన్ని సేవల వెల వేరు అని విడదీయుటకు సంస్థల కనుజ్ఞ యిచ్చిరి. కోరిన కుర్చీ, భోజనము, సామాను మొదలైన ఏడింటి కప్పుడు తలుపు తెరచిరి. అక్కరలేనివాడు చెల్లింప నక్కరలేదు, కనుక కిరాయి తగ్గునని అప్పటి వాదము. వినుటకు న్యాయముగనే యున్నది. 2003లో ఎయిర్ డెక్కను సంస్థ చౌకవిమానములను నడుపబూనినప్పుడు నీళ్లసీసాకు గూడ డబ్బు తీసికొన్నమాట నిజమే. కాని కిరాయి నిజముగా తక్కువ చేసి తీసికొనెను. అది వ్యాపారము, మే మాక్షేపింపము. తరువాత జరిగిన దేమి? ఉచితముగా కొనిపోదగిన మూట బరువును పలుసంస్థలు స్వదేశమార్గములలో 20 కిలోలనుండి 15 కిలోలకు దించినవి. కిరాయి తగ్గునన్న వాగ్దానము మాత్రము దించిన యా అయిదు కిలోలతోబాటు ఎక్కడనో జారిపోయినది. 2021 ఫిబ్రవరిలో, మూటయే లేనివానికి కిరాయి తగ్గించి యమ్మవచ్చునని మరియొక సడలింపు వచ్చెను. తగ్గింపు అనునది ఏ మొత్తమునుండి తగ్గింపు? మొత్తమే నిలకడ లేనిదైనప్పుడు అందులో తగ్గినదెంతయో బ్రహ్మకైన తెలియునా?

రామగుండములో రైలెక్కువాడు రెండవతరగతి టికెట్టుపై 35 కిలోలు, స్లీపరు తరగతిలో 40 కిలోలు సుంకము లేకుండ కొనిపోవచ్చును. వందల రూపాయల టికెట్టునకు 40 కిలోలు. వేల రూపాయల టికెట్టునకు 15 కిలోలు! మన యింటి తల్లి బిడ్డకు కట్టియిచ్చు మూటలో నేముండును? మామిడితొక్కు జాడీ, సకినాల డబ్బా, రెండు జతల బట్టలు, ఒక దుప్పటి. తూకపుబల్లపై ముల్లు 15 దాటగానే ఆ జాడీ వెల జాడీలోని తొక్కు వెలను మించిపోవుచున్నది. కౌంటరు వద్ద మూట విప్పి, నలుగురిలో తొక్కు జాడీని తీసి ప్రక్కనబెట్టి, బిడ్డ వెనుదిరిగి చూచుకొనుచు పోవు దృశ్యమును శంషాబాదులో చూడనివా రరుదు.

దీనికి కళ్లెము వేయు ప్రయత్నము జరుగకపోలేదు. 2016లో డైరెక్టరేటు జనరలువారు, 15 కిలోలకు పైబడి 20 కిలోల వరకు గల మూటకు కిలోకు 100 రూపాయలకు మించి గొనరాదని యుత్తరువు చేసిరి. సంస్థలు ఢిల్లీ ఉన్నతన్యాయస్థానమునకు పరుగెత్తినవి. 2017లో ఆ యుత్తరువు కొట్టివేయబడెను. న్యాయస్థానమును మే మనుట లేదు. శాసనము చేతి కీయని కర్రను న్యాయమూర్తి చేతి కెట్లిచ్చును? అట్టి యధికారమును శాసనములో వ్రాయించుట పార్లమెంటువారి పని. ఆ పని ఇన్నియేండ్లుగ ఏల జరుగలేదని యడుగుట మన పని.

అంతటితో ఆగిరా? లేదు. విమానాశ్రయములోని కౌంటరు వద్ద ప్రవేశపత్రము చేతి కిచ్చుటకు గూడ 200 రూపాయలు తీసికొనుట మొదలుపెట్టిరి. టికెట్టు కొన్నవానికి కుర్చీ కడకు పోవుటకు కాగిత మిచ్చుట యొక సేవ యట, దాని కొక వెల యట! చరవాణిలో ముందుగా నమోదు చేసికొనుట తెలియనివాడే, అనగా మన గల్ఫు కూలియే, మన వృద్ధమాతయే, ఈ వసూలునకు గురియైనది. చదువురాని తనముపై పన్ను వేసిన ఘనత చరిత్రలో మరెవరికిని లేదు కాబోలు. 2022 జూలైలో పౌరవిమానయానశాఖవారు కన్నుదెరచి ఇది నియమవిరుద్ధ మనిరి. మంచిది. తల్లి యొక వరుసలో, అయిదేండ్ల బిడ్డ మరియొక వరుసలో కూర్చుండకుండ నుండవలెనన్న కుర్చీల సుంకము చెల్లింపుడను పద్ధతికి 2024 ఏప్రిలులో అడ్డు పడినది. పండ్రెండేండ్ల లోపు బిడ్డను తల్లిదండ్రులలో నొకరి ప్రక్కన కూర్చుండబెట్టవలెనని యుత్తరువైనది. తల్లి ప్రక్కన బిడ్డ కూర్చుండుటకు ఢిల్లీనుండి యుత్తరువు కావలసివచ్చిన వ్యాపారమును ఏ పేరున పిలువవలెనో పాఠకులే నిర్ణయింతురుగాక.

ఇది యంతయు చిల్లర. అసలు మూలధనము వేరుగ నున్నది, అది కిరాయి.

అనుకొందము, గోదావరిఖని కాలనీలో ఒక యింటి పెద్ద అర్ధరాత్రి కన్నుమూసెను. కొడుకు దుబాయిలో నున్నాడు. తెల్లవారులోగా బయలుదేరవలెను. మూడువారాల ముందు కొన్నవానికి ఒక ధర. ఈ తెల్లవారుజామున కొనువానికి దానికి మూడింతలో నాలుగింతలో. అదే విమానము, అదే కుర్చీ, అదే నూనె. మారినదేమి? వాని యవసరము. విహారమునకు పోవువానికి చౌక, తండ్రికి తలకొరివి పెట్టబోవువానికి ప్రియము. చావు మూడువారాల ముందు చెప్పి రాదు గదా! సంక్రాంతికి, దసరాకు, బతుకమ్మకు ఇంటికి రావలెనన్న కోరికయు ఇట్లే తూచబడుచున్నది. మనుష్యుని తొందర ఎంత గాఢమో అంత వెల. కరవునాడు ధాన్యపు కొట్టునకు తాళము వేసిన షావుకారును మనము దొంగబేరగా డంటిమి. ఇతనిని ఆధునికుడు, నవీన గణితశాస్త్రమును వ్యాపారమునకు జోడించిన మేధావి యనుచున్నాము.

రైళ్లలోను ఈ జాడ్యము ప్రవేశించినదని మే మెరుగుదుము. 2016 సెప్టెంబరులో రాజధాని, శతాబ్ది, దురంతో బండ్లకు పెరుగు కిరాయీల పద్ధతి పెట్టిరి. అయినను అందు పెరుగుదల కొక మేర గలదు. ఆ మేర పట్టికలో వ్రాసి యున్నది. విమానమునకు మేర యేది?

మేర పెట్టుట అసాధ్య మందురు. అసాధ్యమైనచో సర్కారు వారే రెండుమార్లు ఎట్లు పెట్టిరి? 2020 మే నెలలో, మహమ్మారి దినములలో, ప్రయాణకాలమును బట్టి ఏడు తరగతులుగ విభజించి కిరాయికి కనిష్ఠమును గరిష్ఠమును నిర్ణయించిరి. 2022 ఆగస్టు చివర గాని దానిని తీసివేయలేదు. మరల 2025 డిసెంబరులో చూడుడు. దేశీయ ప్రయాణికులలో నూటికి అరువదిమందికి పైగా మోయుచున్న ఒక్క సంస్థ, ఇండిగో, విమానచోదకుల విశ్రాంతి నియమములకు సిద్ధపడి యుండలేక వేలకొలది విమానములను రద్దు చేసెను. శంషాబాదులో జనులు నేలపై పరుండిరి. తక్కిన సంస్థలు ఆ యవకాశమును చూచి కిరాయీలను ఆకాశమున కెక్కించినవి. అప్పుడు కేంద్రమువారు, 500 కిలోమీటర్ల వరకు 7,500 రూపాయలు, 1,000 వరకు 12,000, 1,500 వరకు 15,000, అంతకు పైన 18,000 మించరాదని శాసించిరి. హైదరాబాదు–ఢిల్లీ మార్గము మూడవ తరగతిలోనిది. ఈ యంకెలు పేదవానికి పనికివచ్చునవి కావు. విమానాశ్రయపు రుసుములును పన్నులును వీనికి వెలుపల నుండెను. అయినను ఒక సంగతి రుజువైనది. ఒక్క దినములో, ఒక్క కాగితముతో, మేర పెట్టవచ్చును. దొంగలు పడిన రాత్రి తాళము దొరకినప్పుడు, తక్కిన రాత్రులలో తాళమే లేదని యేల చెప్పుచున్నారు?

శాసనబలము లేదా యన్న నున్నది. 1937 నాటి విమాన నియమములలో 135వ నియమము, కిరాయిని నిర్ణయించునప్పుడు నడుపుటకగు వ్యయమును, సేవ స్వభావమును, సమంజసమైన లాభమును, వాడుకలోనున్న ధరలను గమనింపవలెనని స్పష్టముగ చెప్పుచున్నది. 1934 నాటి విమానచట్టమునకు బదులుగ భారతీయ వాయుయాన అధినియమము 2025 జనవరి 1న అమలునకు వచ్చినది, పేరు మారినది. "సమంజసమైన లాభము" అను మాటకు మాత్రము నేటివరకు ఎవరును అంకె నిర్ణయింపలేదు. వ్రాసియున్న నియమమునైనను మనవారు అమలుజరుపలేకున్నారని చెప్పుకొనుటకు మాకు సిగ్గగుచున్నది. 2025 నవంబరులో సుప్రీముకోర్టు ఈ కిరాయీల యదుపులేమిపై దాఖలైన యర్జీ విషయమున కేంద్రమునకు నోటీసు లిచ్చినదనగా, ఈ గోడు మన గోదావరితీరపు గోడు మాత్రమే కాదని తేలుచున్నది.

సంస్థల పక్షమున చెప్పదగిన దేమియు లేదా? కలదు, చెప్పెదము. కింగ్‌ఫిషరు 2012లో నిలిచిపోయినది. జెట్ 2019లో, గో ఫస్టు 2023లో నేలకు దిగినవి. ఇది లాభాల పంట పండు పొలము కాదు. విమానపు నూనె జీ.ఎస్.టి. వెలుపల నుండుటచేత రాష్ట్రమున కొకతీరు పన్ను పడుచున్నది. సామాన్యతరగతి టికెట్టుపై నూటికి అయిదు జీ.ఎస్.టి. వసూలు చేయు సర్కారు ఈ దోపిడిలో తనకు భాగము లేదని చేతులు కడుగుకొన వీలులేదు. ఇవి యన్నియు నిజమే. అందుచేత నష్టమునకు నడుపుడని మే మడుగుట లేదు. ఖర్చు చూపుడు, దానిపై లాభము చేర్చుకొనుడు, మొత్తమును ఒక్క యంకెగ ముందే వ్రాయుడు అనుచున్నాము. ముందు కొన్నవానికి కొంత తగ్గింపుడు, అభ్యంతరము లేదు. వెనుక వచ్చినవాని మెడపై కత్తి పెట్టకుడు. నష్టము వచ్చినదని బాటసారిని దోచుట న్యాయమైనచో దారిదోపిడికాండ్రకును ఒక లెక్కపుస్తకము దొరకును.

లెక్క చూపించుట సాధ్యమనుటకు శంషాబాదే నిదర్శనము. 2008 మార్చిలో ఆ విమానాశ్రయము తెరువబడెను. దానికి ప్రజల భూమి సుమారు 5,500 ఎకరములు. సర్కారు వారి వడ్డీలేని ఋణమును గలదు. తెరచిన కొలదిదినములకే విదేశములకు పోవువానినుండి వినియోగదారుల అభివృద్ధి రుసుమని 1,000 రూపాయలు గొనసాగిరి. 2010లో అది 1,700 అయ్యెను. 2022 ఏప్రిలులో 700గ నిర్ణయమై, తరువాతి సంవత్సరములకు మెట్లుమెట్లుగ పెంపు ముందే ప్రకటింపబడెను. ఈ రుసుము మాకు ప్రియమైనది కాదు. కూలివాడు నేల యిచ్చి, ఆ నేలపై నడచినందుకు మరల రుసుమిచ్చుట యేమి న్యాయమని మేమును అడుగుచున్నాము. కాని 2008 నాటి చట్టముచే ఏర్పడిన విమానాశ్రయ ఆర్థిక నియంత్రణసంస్థ దీనికి లెక్క లడుగుచున్నది, అభ్యంతరములకు గడు విచ్చుచున్నది; అంకె ఎక్కినను దిగినను కారణము కాగితముపై నున్నది. విమానాశ్రయపు గచ్చునకు లెక్క యడుగు సంస్థ యున్నది, ఆ గచ్చుపైనుండి లేచు విమానములోని కుర్చీకి లెక్క యడుగు సంస్థ లేదు!

ఒక్క సంగతి చెప్పక మానలేము. మన ప్రాంతమునకు గల్ఫునుండి వచ్చునవి కంబళ్లు, అత్తరుసీసాలు మాత్రమే కావు, శవపేటికలును వచ్చుచున్నవి. ఆ పేటికలను చాలకాలము సామానువలె తూచి, కిలోకింతయని కిరాయి తీసికొనిరి. 2018లో ఆ రేటును పెంచబోగా ప్రవాసులు గగ్గోలు పెట్టిరి. పెంపు వెనుకకు పోయినది. 2019 జనవరిలో, అప్పటికింకను ప్రభుత్వపుదై యుండిన ఎయిరిండియా, అరబ్బు ఎమిరేట్లనుండి తెచ్చు పెద్దవారి భౌతికకాయమునకు బరువుతో నిమిత్తము లేకుండ 1,500 దిర్హములు, పిల్లలకు అందు సగము అని నిర్ణయించెను. పేదకూలీల సంఘములు వీధికెక్కి యడిగినందున, తూకపుబల్లపైనుండి శవము దిగినది. బ్రదికియున్నవాని కిరాయికి గూడ ఇట్లే మేర రాగలదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

ప్రభుత్వపుది అంటిమి. ఆ మాట వెనుక ఒక కథ గలదు. హైదరాబాదు సంస్థానమునకు తన డెక్కన్ ఎయిర్‌వేసు 1945 నుండి యుండెను. 1953లో దేశములోని సంస్థల నన్నిటిని జాతీయము చేసి రెండు కార్పొరేషనులుగ కూర్చిరి. 1994లో ఆ చట్టమును రద్దు చేసిరి. 2022 జనవరిలో ఎయిరిండియాను టాటాల కప్పగించిరి. జాతీయ సంస్థలు సుఖముగ నడిచినవని మే మనము. వాని మందకొడితనమును ఎరిగినవారమే. కాని అంగడిలో సర్కారు దుకాణ మొకటి యున్నంతకాలము తక్కిన దుకాణదారులు దానివంక చూచి ధర పలుకుచుండిరి. ఆ దుకాణము మూసిన మరుదినమే తూకము వేయువానిని నిలుపవలసియుండెను. దుకాణము మూసిరి, తూకపువానిని మరచిరి.

మన బసంతనగరము సంగతియు చెప్పవలెను. సిమెంటు కార్ఖానావారు వేసిన విమానపుబాట అక్కడ నున్నది. 1980వ దశకమున వాయుదూతవారి చిన్న విమానములు హైదరాబాదునుండి వచ్చిపోవుచుండెడివి. తరువాత నిలిచినవి. 2016లో ఉడాన్ పథకము ప్రకటించి, గంట ప్రయాణమునకు 2,500 రూపాయలు మించకుండ సగము కుర్చీలు అమ్మింతుమనిరి. హవాయి చెప్పులు తొడిగినవాడును విమానమెక్కు ననిరి. 2017 ఏప్రిలులో కడప–హైదరాబాదు మార్గము ఆ పథకముక్రింద మొదలైనది. ఉడాన్ కిరాయికి మేర యుండుట గమనింపదగినది. నష్టము పూడ్చుటకు పెద్ద మార్గములలోని విమానములపై సుంకము వేసిరి. అనగా చిన్న ఊరి కుర్చీకి మేర పెట్టుట సర్కారునకు చేతనగును; పెద్ద ఊరి కుర్చీకి మాత్రము చేతగాదట! రామగుండపు చెప్పులు నేటికిని శంషాబాదు వరకు రెండువందల కిలోమీటర్లకు పైగ రోడ్డుపై అరుగుచున్నవి. కొత్త విమానాశ్రయము రావలెనని కోరువారిలో మేమును గలము. కాని ఇంటి ముంగిటనుండి ఎగిరినను, కిరాయికి మేర లేనిచో, దోపిడి నాకా రెండువందల కిలోమీటర్లు దగ్గరకు జరిగినట్లే యగును.

2024 జూనులో పౌరవిమానయానశాఖను మన తెలుగువారే, శ్రీకాకుళపు శ్రీ కింజరాపు రామ్మోహననాయుడుగారు స్వీకరించిరి. 2025 డిసెంబరులో కిరాయికి మేర పెట్టినది వారి శాఖయే. ఆ మేరను సంక్షోభమునకు మాత్రము పరిమితము చేయక, దూరమును బట్టి శాశ్వతముగ, మరికొంత క్రిందికి దించి నిలుపవలెను. 20 కిలోల మూట, ఒక కుర్చీ, ఒక ప్రవేశపత్రము కిరాయిలోనివే యని శాసనములో వ్రాయవలెను. తల్లి, తండ్రి, భార్య, బిడ్డల మరణమునకు పోవువానికి, ధ్రువపత్రము తరువాత చూపు షరతుపై, ముందుకొన్నవాని ధరకే కుర్చీ యీయవలెను. 135వ నియమములోని "సమంజసమైన లాభము" ఎంతయో విమానాశ్రయముల నియంత్రణసంస్థకే అప్పగించి లెక్క తేల్పించవలెను. అందులకు చట్టసవరణ కావలసినచో పార్లమెంటులో పెద్దపల్లి, కరీంనగరము, నిజామాబాదు, ఆదిలాబాదు ప్రతినిధులు నోరు విప్పవలెను. గోదావరిఖని, రామగుండము, మంథని, మంచిర్యాలలోని గ్రంథాలయములవారు ఒక్కొక్క మహజరు వ్రాయించి, గల్ఫునకు పోయివచ్చినవారి సంతకములు చేయించి, వారి పాత టికెట్టులను దానికి కుట్టి, మొదట చూపిన కిరాయి యెంత, చివరకు చెల్లించినది యెంత యని ప్రతి టికెట్టు ప్రక్కను వ్రాసి, నెల తిరుగకముందే ఆ నలుగురి యిండ్లకు పంపవలెను.